కరెంటు పోని రోజు

మా ఊరి గ్రంథాలయం కరెంటు కోతల పుణ్యమా అని బతికింది. ఈ మాట అప్పట్లో జిల్లా ఆఫీసుకు రాసి ఉంటే గ్రంథపాలకుడిగా నా ఉద్యోగం ఊడేది. అయినా నిజం అదే. మాది కరీంనగర్ వైపు నేత పని ఊరు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. గ్రంథాలయం ఉన్న వీధికి రెండు పక్కలా సాంచాల షెడ్లే. కరెంటు ఉన్నంతసేపు ఆ చప్పుడులో మన మాట మనకే వినపడదు. కరెంటు పోగానే అన్నీ ఒక్కసారిగా ఆగేవి. నెత్తి నిండా దూది నూగుతో పనివాళ్లు వచ్చి నా గదిలో కింద కూర్చునేవారు. నేసిన మీటర్లను బట్టి కూలి. సాంచ ఆగితే కూలీ ఆగుతుంది, కనీసం పేపరైనా వింటే పోలా?

అవును, వినడమే. చదివేది ఒక్కడు. కళ్లద్దాల విరిగిన కాడకు దారం చుట్టుకున్న ఒక ముసలి నేతకార్మికుడు. అందరూ ఆయన్ని బాబాయి వరస కలిపి కాక అనేవారు. మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా ఒక్క అక్షరం వదిలేవాడు కాదు. ఎక్కడో వంతెన కూలిందని చదివి, "సిమెంటు తిన్నరు బిడ్డా" అని పేపర్లో లేని వార్త కూడా కలిపేవాడు. అందరూ తలలూపేవారు.

నేను నియమాలు తెలిసినవాణ్ని. పాఠకుల రిజిస్టరులో కాకతో మాత్రమే సంతకం పెట్టించుకునేవాణ్ని. చదివినవాడు పాఠకుడు, విన్నవాళ్లు ఎట్లా పాఠకులవుతారు? ఇంత తెలివి నాకెట్లా అబ్బిందో ఇప్పటికీ అంతుపట్టదు.

ఎనభైల చివర్లో జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నిధులు తగ్గాయట. పాఠకులు లేని శాఖలకు పేపర్లు, గది అద్దె బంద్ అట. మీ రిజిస్టరు చూస్తే పాఠకులు ఉన్నట్టు లేదు, ఆఫీసరు వచ్చి స్వయంగా చూసి తేలుస్తాడు అని కింద రాశారు. సంతకాల్లో నేను చూపిన పొదుపు చివరికి నా మెడకే చుట్టుకుంది. గది మూసేస్తే నన్ను ఇంకో ఊరికి మారుస్తారు, నాకు పోయేదేం లేదు. షెడ్ల వాళ్లకు మాత్రం పేపరుండదు. హోటల్లో పేపరు ముట్టుకోవాలంటే ముందు చాయ్ తాగాలి.

ఊరు ఊరంతా కదిలింది. అంటే ఊళ్లో పెద్దమనుషులు కదిలారు. పెద్దమనుషులు కదిలితే ఊరు కదిలినట్టే లెక్క. గ్రంథాలయాన్ని కాపాడటానికి కమిటీ వేశారు. రైసుమిల్లు సేటు అధ్యక్షుడు. ఆయన అంతకుముందు ఒక్కసారి మా గదిలోకి వచ్చాడు, వాన పడుతుంటే. మీటింగులో "లైబ్రరీ అంటే గుడి" అని గంటసేపు మాట్లాడాడు. గుడికైనా ఏడాదికోసారి పోతారు కదా అని నేను అడగలేదు.

తర్వాత పుస్తకదానం. కాలం చెల్లిన పంచాంగాలు, ఎరువుల కంపెనీ డైరీలు, పిల్లలు పాసై వదిలేసిన పదో తరగతి గైడ్లు కుప్పలుగా వచ్చాయి. సేటు ఒక లావుపాటి పుస్తకం నా చేతిలో పెట్టి ఫొటో దిగాడు. తెరిచి చూస్తే లోపల మా గ్రంథాలయం ముద్ర. ఎన్నడో ఆయన ఇంటికి పోయి తిరిగిరాని పుస్తకం.

"సేటూ, ఇది మనదే" అన్నాను మెల్లగా.

"మనదే గద మరి! ఊరిది గాకపాయెనా?" అన్నాడు సేటు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

చివరికి కమిటీకి ఒకటే పరేషాన్ మిగిలింది, ఎండాకాలం. "ఆఫీసర్ సారుకు చెమట పట్టిందంటే మన లైబ్రరీ పాయె. నేను కరెంటోళ్లకు చెప్పిన. ఆ దినం పొద్దంత కరెంటు పోదు. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు సేటు. నాకు ఎంత సంతోషమైందో! స్టూలెక్కి ఫ్యాను రెక్కల దుమ్ము నేనే తుడిచాను. అందులో ఉన్న తిరకాసు కమిటీకి తట్టలేదు సరే, రోజూ ఆ గదిలో కూర్చునే నాకూ తట్టలేదు.

ఆఫీసరు వచ్చాడు. దండ వేశారు, చల్లటి సోడా ఇచ్చారు. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. వీధి పొడుగునా సాంచాలు దడదడమని మోగుతున్నాయి. గదిలో కమిటీ తప్ప నరమానవుడు లేడు.

"పాఠకులేరీ?" అన్నాడు ఆఫీసరు. మాట వినపడక రెండోసారి అరిచాడు. సేటు గబుక్కున ఆనాటి పేపరు అందుకుని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆఫీసరు రిజిస్టరు తిప్పి, "మీ సంతకం ఎక్కడా లేదే?" అన్నాడు. పేపరు ఇంకొంచెం పైకి లేచింది.

మేం చేసిన ఘనకార్యం నాకు అప్పుడు తెలిసింది. "కరెంటు పోతే వస్తారు సార్" అన్నాను. ఆయన నన్ను పై నుంచి కింది దాకా చూశాడు. సంచిలోంచి కాగితం, జేబులోంచి పెన్ను తీశాడు. రిపోర్టు రాయడం మొదలుపెట్టాడు.

గుమ్మంలో కాక నిలబడి ఉన్నాడు. ఆఫీసరును చూడటానికి పని మధ్యలో వచ్చినట్టున్నాడు. ఖాళీ గదినీ, ఆ పెన్నునూ చూసి వెనక్కి తిరిగాడు. మళ్లీ పనిలోకి పోయాడనుకున్నాను.

కాసేపటికి పక్క షెడ్డు ఆగింది. తర్వాత ఎదురు షెడ్డు. ఒకటొకటిగా వీధంతా చప్పుడు లేకుండా అయింది. నూగు దులుపుకుంటూ వాళ్లు వచ్చారు, గది నిండింది, అరుగు నిండింది. షెడ్ల యజమానులు వెనకనుంచి అరుస్తూనే ఉన్నారు.

"కరెంటు పోయిందా?" అంటూ ఆఫీసరు తలెత్తి చూశాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

కాక నేరుగా సేటు ముందుకు పోయి, "సేటూ, గా పేపరు జర ఇటియ్యి" అన్నాడు. తీసుకుని మొదటి పేజీ నుంచి చదవడం అందుకున్నాడు.

నూలు కండెలు చుట్టే పనిచేసే ఒకామెను ఆఫీసరు అడిగాడు, "నీకు చదువొచ్చా అమ్మా?"

"రాదు సార్."

"మరి ఎందుకొచ్చావు?"

"ఇనేటందుకు వచ్చిన. కాక సదువుతడు, మేం ఇంటం. ఎప్పుడూ గిట్లనే."

ఆఫీసరు నావైపు తిరిగాడు. "వీళ్ల పేర్లు రిజిస్టరులో ఎందుకు లేవు?"

"వినేవాళ్లను రాయడానికి గడి లేదు సార్."

"గీయండి" అన్నాడు.

స్కేలు పెట్టి గీశాను. ఒక్కొక్కరి పేరూ అడిగి రాసుకున్నాను. ఇన్నేళ్లుగా నా ముందు కూర్చున్న మనుషుల్లో సగం మంది పేర్లు నాకు తెలియవు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మూడు పేపర్లలో రెండు ఆపేశారు కానీ గ్రంథాలయం నిలిచింది. ఆ తర్వాత ఎన్నేళ్లయినా సేటు ఎవరు కనబడినా అదే చెప్పేవాడు: "ఆ దినం కరెంటు పోకుంట నేను సూసిన. అందుకే లైబ్రరీ నిలవడ్డది."

నేను ఎన్నడూ కాదనలేదు. ఆయన మాటలో నిజముంది. ఆ రోజు కరెంటు పోయి ఉంటే వాళ్లు రోజూలాగే ఊరికే వచ్చేవారు, నేను రోజూలాగే ఒక్క సంతకం పెట్టించుకునేవాణ్ని. కరెంటు ఉండగా, కూలి వదులుకుని వచ్చారు.