ఫుల్‌స్టాప్ పడని పేజీ

కామాలక్క అసలు పేరు ఆ నిఘంటువు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. కామా ఎక్కడ తప్పిపోయినా ఇట్టే పట్టేస్తుంది కనుక ఆ పేరే ఖాయమైపోయింది. ఆమె భర్తదీ అక్కడే ఉద్యోగం. ఆయన రాతప్రతిని కామాలతో సహా పైకి చదివేవాడు, ఆమె ప్రూఫు దిద్దేది. ఫుల్‌స్టాప్ వచ్చినచోట నోటితో చెప్పకుండా వేలి కణుపుతో బల్లమీద టక్కున కొట్టేవాడు. ఆ చప్పుడు వినందే ఆమె ముందుకు కదిలేది కాదు. ఇంట్లో ఎడ్డెమంటే తెడ్డెమనుకునే మొగుడూ పెళ్ళాలు ఆ బల్ల దగ్గర మాత్రం ఒక్క మాటమీద ఉండేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన 'లీవ్' అనే ఇంగ్లీషు క్రియ చదువుతున్నాడు. విడిచి వెళ్ళడమనే అర్థం తర్వాత వచ్చిందట. పూర్వం ఆ మాటకు మిగల్చడం, ఉండనివ్వడం అనే అర్థాలే ఉండేవట. "మూలధాతువుకు అంటిపెట్టుకోవడం అని అర్థం, కామా, లైఫ్ అనే మాట కూడా దాన్నుంచే పుట్టింది," అని చదివి, గట్టిగా ఊపిరి పీల్చుకుని చెయ్యెత్తాడు. నాలుగు రోజులుగా ఆయాసపడుతూనే ఉన్నాడు. ఆ చెయ్యి బల్లకు తగలలేదు. కుర్చీలోనే ప్రాణం పోయింది.

కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ పనిలోకి వచ్చింది. చదవడానికి ఆడపడుచును పెట్టారు. నోరు పెద్దదే గాని మనసు వెన్న. ఆగిపోయిన పేజీతోనే మొదలుపెట్టారు. ఆడపడుచు "పుట్టింది" అనగానే, పక్కన ఖాళీగా ఉన్న ఆయన కుర్చీలో ఎవరో ఊపిరి పీల్చారు. కామాలక్క ఇట్టే గుర్తుపట్టింది. అది ఆయన ఊపిరి. బల్లమీద కొట్టబోయే ముందు పీల్చే ఊపిరి. పిచ్చిది, భయపడాల్సింది పోయి సంతోషపడింది.

"మళ్ళీ మొదట్నుంచీ చదువు," అంది.

ఇక రోజూ అదే తంతు.

"ఈ పేజీని పెళ్ళాడావా ఏంటి వదినా?" అని ఆడపడుచు వేళాకోళం.

"ఇచ్చెయ్ తల్లీ, దీనికోసం అచ్చు ఆగిపోయింది," అని ఎడిటరు బతిమాలాట.

కామాలక్క రేపు రేపని దాటవేసేది. ఫుల్‌స్టాప్ పెట్టి పేజీ ముగిస్తే ఆ ఊపిరి మళ్ళీ వినబడదని ఆమె బెంగ. ఆ ఊపిరి రోజురోజుకూ బరువెక్కుతోందని, గురగురలాడుతోందని తెలిసినా తెలియనట్టే ఊరుకుంది.

ఒకనాడు ఆడపడుచు చదువుతున్నదల్లా ఆగిపోయింది. ముఖం పాలిపోయి ఖాళీ కుర్చీకేసి చూస్తోంది.

"వదినా... అన్నయ్యకి ఆయాసంగా ఉంది. నీకు వినపడట్లేదా?"

కామాలక్కకు అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ తనకు తోడనుకున్నది ఆయన పడుతున్న అవస్థ. తన ఊరట కోసం ఆయన్ను ఆ ఆఖరి ఊపిరి దగ్గరే నిలబెట్టేసింది. సిగ్గూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. వేలు మడిచి తనే బల్లమీద టక్కున కొట్టింది.

కుర్చీలో బిగపట్టిన ఊపిరి మెల్లగా బయటికి వచ్చింది. ఆమె చేతిలోని కాగితం అంచు కదిలింది.

"వెళ్ళి..." అంది కామాలక్క. ఆయన గడప దాటే ప్రతిసారీ అన్నట్టే "రండి" కూడా నాలిక చివరిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని దాన్ని మింగేసింది.

"వెళ్ళండి," అంది.