గాజుల బండికి రెండు చక్రాలు

మా బావ చెంగల్రాయుడి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. ఆయన బండి చక్రాలు పాడుచేసిన ఘనుడిని నేనే. ఆ సంగతి ఆయన ఊరంతా టముకు వేయకముందే నేనే చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది.

నా పేరు మునిప్రసాద్. తిరుపతిలో బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలొచ్చి ఆ పని నోట్లో మట్టి కొట్టాక బండ్లకు రంగులేసుకుని బతుకుతున్నాను. చెంగల్రాయుడు మా అక్క ఆనందమ్మ మొగుడు. ఒకప్పుడు ఒక లాడ్జీ వాళ్ల మెటడోర్ వ్యాను నడిపేవాడు. అది పాతబడిందని వాళ్లు వదిలించుకుంటుంటే తనే కొనుక్కుని, సీట్లన్నీ పీకేసి, అందులో ఇల్లు కట్టాడు. అవును, కట్టాడనే అంటాను. ఒక పక్క మడత మంచం, దాని కింద గాజుల పెట్టెలు. ఇంకో పక్క స్టవ్వు, నీళ్ల డ్రమ్ము, గిన్నెలకు రేకు అరలు. ముప్పై ఏళ్లకు పైగా మొగుడూ పెళ్లాలిద్దరూ ఆ బండిలోనే ఉంటూ తిరుపతి గంగ జాతర, కాణిపాకం బ్రహ్మోత్సవాలు, ఇంకా ఎన్ని తిరునాళ్లుంటే అన్నింటికీ తిరిగి గాజులమ్మారు. వాళ్ల కూతురు లోకేశ్వరి ఆ మంచం మీదే ఎక్కాలు నేర్చుకుంది.

ఎనిమిదేళ్ల కిందట చక్కెర జబ్బు మా అక్క చూపు తీసుకుపోయింది. ఇక వ్యాపారం మూసేస్తారనుకున్నాం. ఎక్కడ! అమ్మాయి చెయ్యి పట్టుకుని ఒక్కసారి నొక్కి చూసి, "నీకు రెండూ ఆరు సైజు రాదు పాపా, రెండూ ఎనిమిది ఎయ్యాల" అంటుంది. ఒక్క గాజు పగలదు. బండిలో అయితే మరీ విచిత్రం. చెయ్యి చాపితే ఉప్పు, చెయ్యి చాపితే అగ్గిపెట్టె. ఆ బండిలో మా అక్కకు కళ్లతో పనిలేదు.

అలాంటి బండికి పోయిన శ్రావణంలో గండమొచ్చింది. ఎఫ్.సి.కి, అంటే బండి రోడ్డు మీద తిరగొచ్చనే సర్టిఫికెట్టుకు, తీసుకుపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టరు చుట్టూ తిరిగి చూసి, వెనక చక్రాల దగ్గర కూర్చున్నాడు. టైరును మోసే ఇనుప డిస్కులు రెండింటికీ పగుళ్లు. నట్లు దూరే రంధ్రాలు అరిగి కోలగా సాగిపోయాయి. "పెద్దాయనా, ఇది రోడ్డు మీద ఊడిపోతే మీరే కాదు, పక్కన పోయేవాళ్లూ పోతారు. పది రోజుల్లో మంచి డిస్కులతో రండి. లేకపోతే నేను సంతకం పెట్టలేను" అన్నాడు. ఆ మాటలో తప్పేముంది? తిట్టడానికి కూడా వీల్లేకుండా పోయింది.

లోకేశ్వరి చిత్తూరు నుంచి ఫోన్ చేసింది. "ఇంక సాలు నాయనా. మేడమింద గది కాళీగా ఉండాది. అమ్మను పిలుచుకుని వచ్చేయ్" అంది. మంచి పిల్ల, మనస్ఫూర్తిగానే అంది. కానీ అంతకు ముందు ఏడాది అక్క ఆ ఇంట్లో రెండు వారాలుంది. నేను చూడ్డానికి పోతే గోడ తడుముకుంటూ వచ్చి, "ఎవురబ్బా?" అంది. అరచేతికి కాలిన బొబ్బ. మంచినీళ్లకు కూడా ఎవరినో పిలవాల్సి వచ్చేది. నా జన్మలో మా అక్క అంత చిన్న గొంతుతో మాట్లాడటం అప్పుడే విన్నాను. బండి పోతే అక్కకు రెండోసారి కళ్లు పోయినట్టే. మా ముగ్గురికీ ఆ సంగతి తెలుసు.

ఇక వేట మొదలైంది. ఆ రకం డిస్కులు కొత్తవి దొరకవు. పాతవి దొరికినా నట్ల రంధ్రాలు కలవాలి, నడిమి బొక్క ఇరుసు చివరనుండే హబ్బు మీద కూర్చోవాలి. బావ పాత డిస్కును క్యాలెండరు అట్ట మీద పెట్టి రంధ్రాలన్నీ గీసి కత్తిరించాడు. ఆ అట్టను చంకలో పెట్టుకుని తిరుపతిలో, చిత్తూరులో పాత ఇనుము అంగళ్లన్నీ తొక్కాం. రంధ్రాలు కలిస్తే తుప్పు, తుప్పు లేకపోతే రంధ్రాలు కలవవు. ఆరు రోజులు పోయాయి. నా చెప్పు ఉంగటం తెగింది. బావ మాత్రం ప్రతి అంగడిలోనూ టీ తాగుతూ ఆ అంగడివాడి పిల్లల చదువుల గురించి అడుగుతూ కూర్చుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బావా, నువ్వు పెండ్లి సంబంధానికి వచ్చినావా, డిస్కులకు వచ్చినావా?"

"గమ్మున ఉండరా. మనిషిని పలకరిస్తేనే కదా వాడు ఇంకో మనిషి పేరు చెప్పేది" అన్నాడు.

చెప్పకేం, చిత్తూరు అంగడివాడు అలాగే తడ ఊళ్లో పాత బండ్లు విప్పే మునస్వామి పేరు చెప్పాడు. ఏడో రోజు బస్సెక్కి పోయాం. మునస్వామి షెడ్డులో పాత వ్యాన్ల ఎముకలన్నీ ఉన్నాయి. అట్టకు సరిపోయే డిస్కులు రెండు బయటికి లాగాడు. బావ ఒకదాన్ని తాడుకు వేలాడదీసి స్పానరుతో కొట్టి చెవి ఒగ్గాడు. ఖంగుమంది. రెండోదాన్ని కొడితే పగిలిన కుండ మీద కొట్టినట్టు మొద్దుగా పలికింది.

"దీనికి యాడనో పగులుండాది మునస్వామీ. కంటికి కనపడదు. వొద్దు."

"దాని జోడీ ఒకటి ఉన్నిందన్నా" అన్నాడు మునస్వామి తల గోక్కుంటూ. "మా వీధి చర్చికి గంట లేదంటే గ్రేసీకి ఇచ్చేస్తిని. ఇరవై ఏండ్లుగా ఆడనే మోగతా ఉండాది."

ఇరవై ఏళ్లుగా మోగుతోందంటే పగులు లేదనేగా! బావ మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం సిగ్గేసింది. దేవుడి గంట ఊడదీసి ఇవ్వమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

గ్రేసీ చర్చి ఊడ్చి, ఆదివారం గంట కొట్టే మనిషి. మునస్వామి మమ్మల్ని ఆమె దగ్గరికి తీసుకుపోయి వచ్చిన పని చెప్పాడు. బావ మాత్రం డిస్కు సంగతి అడగనే లేదు. అక్క గురించి చెప్పాడు. ఉప్పు డబ్బా, అగ్గిపెట్టె, బొబ్బ, అన్నీ. ముప్పై ఏళ్లలో ఆయన పెళ్లాం గురించి అంతసేపు మాట్లాడటం నేను చూడలేదు. గ్రేసీ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"తీసకపోండన్నా. కానీ ఆదివారం పొద్దున గంట లేకపోతే మా పాస్టరయ్య నన్ను నిలబెట్టి అడగతాడు. దానికేం సేస్తారు?"

మునస్వామి పరుగున పోయి లారీ బ్రేక్ డ్రమ్ము ఒకటి దొర్లించుకుంటూ వచ్చాడు. దాన్ని వేలాడదీసి కొడితే డిస్కు కంటే రెండింతలు పలికింది. "అబ్బా, ఇది ముందే ఇచ్చి ఉండొచ్చు కదా!" అని గ్రేసీ అతన్ని దులిపేసింది. ఆమెకు ఇదే లాభమైంది.

బయల్దేరే ముందు బావ డిస్కులను మళ్లీ అట్టతో కొలిచాడు. రంధ్రాలు కలిశాయి గానీ నడిమి బొక్క ఒక నూలు తక్కువ. "మనది అరిగి ఎడల్పయ్యిందిలే. ఇదే అసలు కొలత" అన్నాడు. కండక్టరుతో లగేజీ గొడవ పడి, ఇద్దరం చెరొక డిస్కు ఒళ్లో పెట్టుకుని తిరుపతి చేరాం.

మరునాడు, అంటే గడువుకు ఇంకా రెండు రోజులు ఉన్నాయనగా, బండికి జాకీ ఎత్తి పాత చక్రం ఊడదీసి కొత్త డిస్కు పెట్టాం. హబ్బు మీదికి ఎక్కలేదు. తిప్పి పెట్టాం, ఎక్కలేదు. రెండోదీ అంతే. బావ నేల మీద కూలబడ్డాడు. ఏ అంగట్లోనూ నీరసపడని మనిషి, రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు.

"అసలు కొలతే తప్పినాన్రా. లోకేశ్వరికి ఫోన్ సెయ్యి. మేము వస్తామని సెప్పు" అన్నాడు.

ఫోన్ తీశాను కానీ నొక్కలేదు.

అప్పుడు అక్క బండి దిగింది. తడుముకోకుండా నేరుగా చక్రం దగ్గరికి వచ్చి కూర్చుని, డిస్కు నడిమి బొక్కలో చెయ్యి పెట్టి చుట్టూ తిప్పింది. తర్వాత హబ్బును పట్టుకుంది, గిరాకీ చెయ్యి పట్టుకున్నట్టే. గోటితో అంచు గీకింది. వేళ్ల మధ్య ఏదో నలిపి వాసన చూసింది.

"గాజు చిన్నది కాదయ్యా" అంది. "చెయ్యి వాచి ఉండాది. ఇదంతా రంగు."

ప్రతి ఆయుధ పూజకూ ఆ బండికి రంగు వేసేది నేనే. అందరిలా పైపైన కాదు. చక్రాలు ఊడదీసి డిస్కుకు లోపలా బయటా, హబ్బుకు, నట్ల మొదళ్లకు, ఎక్కడా వదలకుండా దట్టంగా పూసేవాణ్ణి. అక్క ఇల్లు కదా అని! ఆ రంగు పొర నలిగి పొడి అవుతూ ఉండబట్టే నట్లు ఎప్పుడూ వదులయ్యేవి. అందుకే డిస్కు ఆడి ఆడి రంధ్రాలు సాగాయి, నడిమి బొక్క అరిగింది. రోజూ తెల్లారగానే బావ స్పానరు పట్టుకుని నట్లు బిగిస్తూ, "నీ మాదిరే వీటికీ నిలకడ లేదురా" అని నన్ను దెప్పేవాడు. తగలేసింది నేనేనని ఇద్దరికీ తెలియదు.

ఉప్పుకాగితం, థిన్నరు, పాత బ్లేడు తెచ్చుకుని నేనే కూర్చున్నాను. బావను ముట్టుకోనివ్వలేదు. వెండి రంగు కింద నీలం, దాని కింద పసుపు. ఆ పసుపు లోకేశ్వరి పెళ్లయిన ఏడాదిది. దాని కింద ఎరుపు, మళ్లీ వెండి. నా భక్తంతా పెచ్చులు పెచ్చులుగా రాలింది. వెనకవే కాదు, ముందు చక్రాలవీ గీకేశాను. సాయంత్రానికి ఇనుము మెరిసింది. బావ డిస్కు ఎత్తి పెట్టాడు. చప్పుడు లేకుండా జారి కూర్చుంది.

"అమ్మయ్య!" అని ముగ్గురం ఒకేసారి అన్నాం. బావ నన్ను కొడతాడేమో అనుకున్నా. వీపు మీద ఒక్కటి చరిచి, "మా బామ్మరిది భక్తికి బండి బోల్తా పడాల్సిందే" అని పగలబడి నవ్వాడు.

మరునాడు ఇన్‌స్పెక్టరు చక్రాన్ని ఊపి చూశాడు, సుత్తితో తట్టాడు. ఖంగుమంది.

"ఎక్కడ పట్టారు పెద్దాయనా ఇవి?"

"ఒకటి సర్చిలో సార్" అన్నాడు బావ. ఇన్‌స్పెక్టరు నవ్వుతూ సంతకం పెట్టాడు.

వినాయక చవితికి కాణిపాకం పోయాం, బండిలోనే. మొదటి రోజు ఉదయం బావ అలవాటు కొద్దీ స్పానరు పట్టుకుని దిగాడు. ఒక్క నట్టూ కదల్లేదు. నాలుగు చక్రాలూ తిరిగొచ్చి, ఏం చేయాలో తోచక నిలబడ్డాడు.

లోపలి నుంచి అక్క, "ఏందయ్యా, ఈ పొద్దు సప్పుడు లేదే?" అంది.

"బిగించే పని లేదు ఆనందమ్మా."

"అట్లయితే లోపలికి రా. కాపీ సల్లారిపోతాది."

మూడు గ్లాసులు తీసి, అంచుకు వేలెడు తక్కువగా, ఒక్క చుక్క ఒలకకుండా పోసింది. గోడ తడుముకున్న మనిషి, బొబ్బ ఎక్కిన చెయ్యి గుర్తొచ్చాయి. నాకు ఏడుపు ఆగలేదు. చప్పుడు కాకుండా తుడుచుకున్నాను.

"ఏడస్తా ఉండావా రా?" అంది అక్క.

"లేదక్కా, రంగు వాసన."

"ఈసారి బయటి పక్కే పుయ్యి" అని, సరిగ్గా నా చెయ్యి ఉన్నచోటికి గ్లాసు అందించింది.