తాంబూలం అందని మేళం

2008లో తిరుపతి బైరాగిపట్టెడలో నాకొక నెట్ సెంటర్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక ఎస్టీడీ ఫోను, గాలి కంటే చప్పుడెక్కువ చేసే రెండు ఫ్యాన్లు. నెట్ సెంటరంటే పిల్లకాయలు ఆటలాడుకునే చోటని చాలామంది అనుకుంటారు. నిజానికి మా దగ్గరికొచ్చేవాళ్ళలో సగం మంది కంప్యూటర్ని ముట్టుకోనే ముట్టుకోరు. కొండ మీద గదికో, రైలు టిక్కెట్టుకో, పిల్లల రిజల్ట్స్‌కో వచ్చి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని చెప్తారు. మేం టైపు కొడతాం. కొట్టడం ఎవరైనా నేర్చుకుంటారు. చెప్పే మనిషి మనసులో ఏముందో కనుక్కోవడమే మా పనిలో అసలు కష్టం.

ఆ సంగతి నాకు తెలిసొచ్చింది మునిరత్నం మామ మేళం వల్ల. ఆయనది పుత్తూరు దగ్గర పల్లె, కాపురం తిరుచానూరులో. నాదస్వరం వాయిస్తాడు. యాభై దాటిన మనిషి, తక్కువ మాటలు, తెల్ల పంచె. ఆయన బావమరిది ఏకాంబరం డోలు. ఏకాంబరానికి నోరూ డోలే. ఎవరైనా వినేవాళ్ళుంటే చాలు, ఆగడు.

ఒక మధ్యాహ్నం ఏకాంబరం సెల్‌ఫోను పట్టుకుని మా సెంటర్‌లోకి దూసుకొచ్చాడు. "అక్కా, ఏందో సైటు ఉండాదంట గదా, మన ఫోటో పెడితే ఊరూరోళ్ళు సూస్తారంట. మా మేళాన్ని దాంట్లో పెట్టు."

"ఏంటికన్నా ఇప్పుడు?" అన్నాను.

"ఏంటికా? పెండ్లికి పిలిచేవాళ్ళు తగ్గిపోయినారక్కా. అందరికీ బ్యాండు కావల్ల, లేకుంటే క్యాసెట్టు పెట్టుకుంటారు. తిరుచానూరు లాడ్జీలో పని ఉండాది, చేరిపొమ్మంటా ఉంది మా ఆడది. ఈ ముహూర్తాలు సూస్తా. అప్పటికీ మేళం నిలబడకుంటే డోలు అటక మీద పెట్టేస్తా."

డోలు అటకెక్కితే మునిరత్నం మామ నాదస్వరం కూడా పెట్టెలోకి వెళ్ళినట్టే. ఒంటి నాదస్వరాన్ని పెళ్ళికి ఎవరు పిలుస్తారు? ఆ మనిషికి చిన్నప్పటి నుంచీ అది తప్ప ఇంకో విద్య లేదు. అందుకని నేనూ కొంచెం పట్టుదలగానే పని మొదలుపెట్టాను.

సోషల్ నెట్‌వర్కింగ్ సైట్ అంటే ఏమిటో ఇప్పుడు చంటిపిల్లలకు కూడా తెలుసు. అప్పట్లో వివరంగా చెప్పాల్సి వచ్చేది. మన పేరుతో ఒక పేజీ ఉంటుంది, దాని మీద ఫోటోలూ వీడియోలూ పెట్టుకోవచ్చు, చూసినవాళ్ళు కింద తమ మాట రాస్తారు, దాన్నే కామెంట్ అంటారు. రాసింది అందరికీ కనబడుతుంది. "అంటే రచ్చబండ మాదిరి" అన్నాడు ఏకాంబరం. సరిగ్గానే అన్నాడు. రచ్చబండ దగ్గర పొగడ్తలూ ఉంటాయి, పంచాయితీలూ ఉంటాయి.

సెల్లులో ఉన్న పెళ్ళి వీడియోని అప్‌లోడ్ చెయ్యడానికి, అంటే సైట్లోకి ఎక్కించడానికి, నాకు మూడు రోజులు పట్టింది. సగంలో కరెంటు పోతుంది. కరెంటు వచ్చేలోపల లైను పోతుంది. బొమ్మంతా మసక, డోలు దెబ్బకి స్పీకరు బొంగురుపోయింది. అయినా నాదస్వరం మాత్రం తేటగా వినబడింది. మునిరత్నం మామని పిలిపించి హెడ్‌ఫోను పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని మొదటినుంచి చివరిదాకా విన్నాడు. తీసి బల్ల మీద పెట్టి కండువాతో చెవులు తుడుచుకున్నాడు.

"ఏం మామా, బాగలేదా?"

"బాగుండాదమ్మణ్ణీ. ఇన్నాళ్ళూ వాయించేవాడిగానే ఉండాను. వినేవాళ్ళ పక్కన కూర్చునింది ఈ పొద్దే." మళ్ళీ తనే, "ఆడ చివర్లో అంతసేపు లాగినాను సూడు. ఏంటికి లాగినానో. ఇంక లాగను" అన్నాడు. ఆ సైటు చేసిన మేళ్ళలో నాకు ఇదే మొదటిదనిపిస్తుంది. ఇంకే లాభం లేకపోయినా ఆ ఒక్క పూట చాలు.

లాభం కూడా వచ్చింది. ఎక్కడెక్కడి వాళ్ళో రాశారు. మా ఊరి మేళం వినక ఎన్నాళ్ళయిందో అని ఒకరు, మా అమ్మ విని ఏడ్చింది అని ఒకరు. "డోలు సూపర్ అన్నా" అని రాసినవాళ్ళయితే లెక్కలేదు. ఏకాంబరం రోజూ పొద్దున్నే వచ్చి కామెంట్లు చదివించుకునేవాడు. ఒకే కామెంటు రెండుసార్లు చదివించుకున్న రోజులు కూడా ఉన్నాయి. అక్కడే చిక్కు మొదలైంది. ముందరంతా నాదస్వరం వెనకాల నడిచిన డోలు ఇప్పుడు ముందుకు దూకడం మొదలుపెట్టింది. తాళి కట్టే సమయంలో గట్టిమేళం అని ఒకటుంటుంది. ఆ క్షణంలో ఏ చెడ్డ మాటా చెవిన పడకుండా డోలూ నాదస్వరమూ ఒక్కసారిగా హోరెత్తించాలి. దానికి డోలు మనిషి కన్ను పెళ్ళికొడుకు చేతి మీదే ఉండాలి.

"తాళి యాడ పడతా ఉండాదో సూడకుండా సెల్లు యాడుండాదో సూస్తా ఉండాడమ్మా వీడు" అని మునిరత్నం మామ ఒకరోజు నాతో వాపోయాడు. ఏకాంబరం పక్కనే ఉన్నాడు. "నువ్వు గమ్మునుండు బావా, కాలం మారింది" అన్నాడు.

పెళ్ళిళ్ళకు అడుగుతూ కూడా మెసేజీలు రావడం మొదలైంది. బెంగుళూరు నుంచి రాజగోపాల్ అనే ఆయన రాశాడు. పూర్వీకులది మదనపల్లె, తాతల కాలంలోనే బెంగుళూరులో స్థిరపడ్డారు. పెద్దమ్మాయి పెళ్ళి, వైశాఖంలో ఫలానా ముహూర్తం, మన వైపు మేళమే కావాలి, వస్తారా అని అడిగాడు. ఏకాంబరం నా పక్కన కూర్చుని, "వస్తాం, శానా సంతోషం అని కొట్టక్కా" అన్నాడు. కొట్టాను. అదే ముహూర్తానికి తడ నుంచి ఒకరు, పుత్తూరు నుంచి ఒకరు అడిగారు. వాళ్ళకీ "వస్తాం" అనే చెప్పమన్నాడు.

నాకు అనుమానం వచ్చింది. "ఒకే రోజు మూడు ఊళ్ళకి ఎట్ల పోతారన్నా?"

ఏకాంబరం నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. "అదేందక్కా, పెండ్లికి పిలిస్తే రామని చెప్తారా ఎవరైనా? మంగళవాద్యం మాది. మా నోట్లో రాము అనే మాట రాకూడదు. వస్తామనే చెప్తాం. ఎవరు తాంబూలం తెచ్చిస్తే వాళ్ళకి పోతాం." మేళగాళ్ళ లోకంలో అదీ పద్ధతి. పెళ్ళివారు పళ్ళెంలో ఆకూ వక్కా పండూ పెట్టి ఇంటికొచ్చి చేతికిస్తేనే మాట ఖాయం. అంతవరకూ అన్నదంతా మర్యాద. ఇల్లు దాటేవాళ్ళు పోతానని అనకుండా పోయొస్తానంటారే, అలాంటిదన్నమాట. తడ వాళ్ళూ పుత్తూరు వాళ్ళూ ఈ పద్ధతి ఎరిగినవాళ్ళు. తాంబూలం ఇవ్వలేదు కాబట్టి వేరే మేళాన్ని చూసుకున్నారు. అదే ముహూర్తానికి నారాయణవనం దగ్గర ఒక రైతు తాంబూలం తెచ్చి మునిరత్నం మామ చేతికిచ్చాడు. మామ కళ్ళకద్దుకున్నాడు. కథ అయిపోయిందనుకున్నాం.

పెళ్ళి ఇంకో వారం ఉందనగా మా ఎస్టీడీ ఫోను మోగింది. పేజీలో మేం పెట్టిన నంబరు అదే. "మేళం వాళ్ళకు రూము చూసి పెట్టినాం. ముందు రోజే దిగుతారు గదా?" అన్నాడు రాజగోపాల్. శుభలేఖలో కూడా నాదస్వరం మునిరత్నం బృందం అని అచ్చు వేయించారట. మామని అడిగి చెప్తానని ఫోను పెట్టేశాను. ఆయన తప్పేముంది? రాతపూర్వకంగా వస్తామన్న మాట ఆయన కళ్ళెదుటే ఉంది.

ఆ సాయంత్రం మా సెంటర్‌లో పెద్ద రభసే అయింది. "బెంగుళూరికే పోదాం బావా. ఆడ వాయిస్తే మన దశ తిరిగిపోతాది. నారాయణవనం ఆయనకి ఏదో ఒకటి చెప్పుకుందాం" అంటాడు ఏకాంబరం. ఇది పోతే లాడ్జీయే గతి అని కూడా అన్నాడు. మునిరత్నం మామకి కోపం రావడం నేను అదే మొదటిసారి చూడటం. "తాంబూలం ఇంట్లో పెట్టుకుని ఇంకో పందిట్లో కూర్చుంటే, రేపు నా నాదస్వరంలో గాలి తప్ప ఇంకేం వస్తాదిరా?" అని లేచి నిలబడ్డాడు. తర్వాత నా వైపు తిరిగి ఫోను కలపమన్నాడు.

"అయ్యా, నేను మునిరత్నాన్ని. మావోడు వస్తామన్నాడు, వాడన్నా నేనన్నట్టే. కానీ ఇంకొకరి తాంబూలం నా ఇంట్లో ఉండాది, దాన్ని దాటి రాలేను. మీ పందిట్లో మేళం మాత్రం ఉంటాది. నా కంటే తక్కువోడిని పంపను." అవతలి కేకలు నాకు కూడా వినబడ్డాయి. రాజగోపాల్ ఫోను పెట్టేశాడు. అరగంటలో మా పేజీ మీద అందరికీ కనబడేలా కామెంటు పడింది. ఈ మేళం వాళ్ళు మాట తప్పే మోసగాళ్ళు, ఎవరూ నమ్మొద్దు అని.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏకాంబరం ముఖం పాలిపోయింది. "తీసెయ్యక్కా, బిన్నా తీసెయ్" అని తొందరపెట్టాడు. ఒక్క నొక్కు నొక్కితే పోతుంది. పేజీ మాది కదా. మునిరత్నం మామ నా చెయ్యి పట్టుకుని ఆపినంత పని చేశాడు. "వద్దమ్మణ్ణీ. బిడ్డ పెండ్లి పెట్టుకున్న మనిషి, కడుపు మండి అన్నాడు. తుడిచేస్తే ఆయన మంట ఆరుతాదా? ఉండనీ. ఆయన పందిట్లోకి మేళం పోయినాక ఆయనే తీస్తాడు."

"తియ్యకపోతే మామా?"

"తియ్యకపోతే పడాల్సిందే. మనం పడాల్సిందే గదా అది."

మర్నాడు పొద్దున ఆయన పళ్ళెంలో ఆకూ వక్కా పెట్టుకుని పలమనేరు బస్సెక్కాడు. అక్కడ చెంగల్రాయుడని ఇంకో నాదస్వరం ఆయన ఉన్నాడు. ఏదో గుడి ఉత్సవంలో ఎవరు ముందు నడవాలని తగాదా పడి ఇద్దరికీ ఎన్నో ఏళ్ళుగా మాటల్లేవు. అయినా తన కంటే తక్కువ కాని మనిషి అంటే మునిరత్నం మామకి ఆయన పేరే గుర్తొచ్చింది. పెళ్ళివాళ్ళు మేళగాడికి తాంబూలం ఇవ్వడం మామూలే, ఒక మేళగాడు ఇంకో మేళగాడికి ఇవ్వడం ఎవరూ ఎరగరు. వెంట వెళ్ళిన ఏకాంబరం తిరిగొచ్చి చెప్పాడు. "ఇంత కాలానికి దోవ కనపడిందా రత్నం అన్నాడక్కా. అంతే, తాంబూలం కండ్లకద్దుకున్నాడు. ఇద్దురూ ఏడ్చినారు. నాకూ ఏడుపొచ్చేసింది, థూ." ఆ ముహూర్తానికి చెంగల్రాయుణ్ణి ఎవరూ పిలవలేదట. ఆయనకు పేజీ లేదు, సెల్లు కూడా లేదు.

పెళ్ళయిన మూడోనాడు పేజీ తెరిస్తే మోసగాళ్ళన్న కామెంటు లేదు. రాజగోపాలే తీసేశాడు. దాని చోట ఒక వీడియో పెట్టాడు. చెంగల్రాయుడు మొహం ఎర్రబడిపోయి వాయిస్తున్నాడు. గట్టిమేళం సరిగ్గా తాళి పడే క్షణానికి పందిరి లేచిపోయేలా మోగింది. కింద కామెంట్లు వరదలా వస్తున్నాయి, ఏకాంబరానికి ఎప్పుడూ రానన్ని. ఏకాంబరం మూతి ముడిచాడు. "మామా, ఇది మీ పేజీ, ఆయన వాద్యం. ఏం చెయ్యమంటారు?" అని అడిగాను.

మునిరత్నం మామ హెడ్‌ఫోను పెట్టుకుని అంతా విన్నాడు. "బాగుండాది. తగాదా పడిన్నాటికంటే బాగా వాయిస్తా ఉండాడు దొంగ నాయాలు" అని పకపకా నవ్వాడు. "ఉండనీమ్మా. ఇంకా ఎవరన్నా ఉంటే వాళ్ళవీ పెట్టు." అట్లా ఆ పేజీ ఒక మేళం పేజీ కాకుండా మా జిల్లా మేళాల పేజీ అయింది. పైన నా చేత ఒక మాట రాయించారు. తాంబూలం అందితేనే మేళం. ఏకాంబరం డోలు అటకెక్కలేదు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశాడో ఏమో, తర్వాత నేను విన్న పెళ్ళిలో ఆయన కన్ను పెళ్ళికొడుకు చేతి మీదే ఉంది. సెల్లులు పట్టుకున్న పిల్లకాయల్ని "జరగండ్రా, తాళి కనపడల్యా" అని ఆయనే కసిరాడు.

ఆ తర్వాతి మాఘంలో ఒక ఉదయం మా సెంటర్ ముందు బెంగుళూరు కారు ఆగింది. రాజగోపాల్ దంపతులు దిగారు. చిన్నమ్మాయి పెళ్ళి కుదిరింది. ఆయన చేతిలో వెండి పళ్ళెం, దాంట్లో ఆకులు, వక్కలు, అరటిపళ్ళు. "అడ్రస్ మీదొక్కటే తెలుసమ్మా. పోయినసారి పద్ధతి తెలియక నోరు పారేసుకున్నా. మేళం వాళ్ళని పిలవండి" అన్నాడు. నేను మునిరత్నం మామకి ఫోన్ చేసి ముహూర్తం చెప్పాను. ఆయన శ్రీకాళహస్తిలో వేరే పెళ్ళిలో ఉన్నాడు, అది అయ్యేదాకా కదలడానికి లేదన్నాడు.

"రెండు రోజులు పట్టేటట్టుంది మామా మీరు రావడానికి. వీళ్ళని ఏం చెయ్యమంటారు?"

"వచ్చినోళ్ళని ఉత్త చేతుల్తో పంపుతామా? ఆ ముహూర్తానికి ఇంకెవరి తాంబూలమూ నా ఇంట్లో లేదు. నువ్వే పుచ్చుకోమ్మణ్ణీ."

"నేనా? నాకు సరిగమ కూడా రాదు మామా!"

"ఆ పొద్దు మా మాట పోయింది నీ చేతి మీదుగానే గదా. ఈ పొద్దు తాంబూలం కూడా ఆ చేతికే రానీ."

నేను చెప్పులు విడిచి, కీబోర్డు పక్కకి జరిపి, చేతులు తుడుచుకుని పళ్ళెం అందుకున్నాను. కళ్ళకద్దుకున్నాను. కంప్యూటర్ల ముందున్న వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఆ సైటు వాద్యకారులకి మంచిదా చెడ్డదా అని తర్వాత చాలామంది నన్ను అడిగారు. పిలుపు ఎంత దూరమైనా మోసుకొస్తుంది, దాంట్లో దానికి సాటి లేదు. మాట నిలబెట్టడం దానికి చేతకాదు, అది మనిషే చెయ్యాలి. అప్పటినుంచీ నా సెంటర్లో ఎవరి కోసం ఏ మెసేజ్ కొట్టినా, పంపే ముందు ఒకసారి చెయ్యి ఆపి అడిగేదాన్ని. "తాంబూలం పుచ్చుకున్నట్టేనా?"