పడవలో పట్టేంత

దయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మినా మా ఇంట్లో వాటికి చోటుండేది కాదు. తెనాలిలో మేం అద్దెకున్న రెండు గదుల్లో మనుషులం ముగ్గురం, మిగతాదంతా సామాను. నన్ను అందరూ సామాన్యుడనేవాళ్లు. సామాన్లున్నవాడు అని దానికి నేను చెప్పుకున్న అర్థం.

కాబట్టి దీన్ని దయ్యం కథ అనుకోకండి. 1988 డిసెంబరులో, పట్టపగలు, మా వాకిట్లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను గుమాస్తాను. ఉద్యోగం రేపల్లెలో మొదలై, బాపట్లకు బదిలీ అయి, అక్కణ్ణుంచి తెనాలికి వచ్చింది. రేపల్లెలో కట్టిన అట్టపెట్టెలు కొన్ని బాపట్లలో విప్పకుండానే తెనాలి చేరాయి. వాటిలో ఏముందో నాకు తెలియదు. తెలియదు కాబట్టే పారేయడానికి భయం. ఇవి కాక చిల్లుపడ్డ గొడుగులు, మోగని రేడియో, పదేళ్ల వారపత్రికలు, ఎవరివో పెళ్లి శుభలేఖలు. పనికిరానిదల్లా అటకెక్కేది. ఇల్లు ఖాళీ చేస్తానని నా భార్య సుగుణకిచ్చిన మాట కూడా అక్కడే ఉండేది.

ఈ గుణానికి కారణం లేకపోలేదు. నేను పుట్టింది కొల్లూరు దగ్గర, కృష్ణ మధ్యలో ఉన్న లంకలో. లంకలో పుట్టాను గానీ లంకంత ఇల్లు మాత్రం నాకు దొరకలేదు. అమ్మ చిన్నప్పుడే పోతే మా మేనత్త దేవమ్మ నన్ను పెంచింది. ఏటా వరదల కాలం రాగానే మా లంకలో ఇంటింటా సామాను రెండుగా విడదీసేవాళ్లు. పడవలో పట్టేంత ఒకవైపు, ఏటికి వదిలేది ఇంకోవైపు. ఏరు పొంగితే గుమ్మం పక్కనున్న పడవ మూట ఎత్తుకుని బయల్దేరడమే.

ఆ విడదీయడానికి మా అత్త పెట్టింది పేరు. ఆమె చూపు పడితే చాలు, ఏది ఎటో తేలిపోయేది. "ఒరే అబ్బాయ్, ఏరు లాక్కునేదాకా ఎందుకురా, మనమే వదిలేస్తే ఏడుపుండదు" అనేది. ఆమె ఎప్పుడూ ఏడవలేదు. నా బొంగరాల కోసం, పలకల కోసం ఏడ్చినవాణ్ణి నేను. పెద్దయ్యాక ఇక దేన్నీ వదలకూడదనుకున్నాను. వదల్లేదు.

అత్త బాపట్లలో మా ఇంట్లోనే 1984లో కన్నుమూసింది. ఆమె వెనక మిగిలింది ఒక్కటే, పాత చీరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత. మా అమ్మాయి గ్రేసీకి నాలుగేళ్లప్పుడు విడిగా మంచం వేసి దాన్ని ఆ మంచం మీద పరిచాను. అత్త చలవ పిల్లకు తగులుతుందని.

గ్రేసీకి ఆ డిసెంబరుకి ఆరేళ్లు. రెండేళ్లుగా ఆయాసం. గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి, ఊపిరి అందక మంచం పట్టె పట్టుకుని కూర్చునేది. నవంబరులో ఒకరోజు పెదాలు నీలంగా మారాయి. రిక్షాలో డాక్టరుగారి దగ్గరకు పరిగెత్తాం. ఆయన ఇంజెక్షను చేసి, పిల్ల కుదుటపడ్డాక నా వైపు తిరిగారు.

"మందు నేనిస్తున్నాను, దుమ్ము మీరిస్తున్నారు. ఇద్దరం పోటీపడితే పిల్ల తట్టుకోలేదు. ఇంకోసారి ఇలా తీసుకొస్తే నేను మాటివ్వలేనండి."

మా క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్ ముందు గోడలకు సున్నం వేయించడం ఆనవాయితీ. ప్రతి ఏడూ నా సామానంతా ఆ వంకన ఒకరోజు ఎండ చూసి, సాయంత్రానికి మళ్లీ లోపలికొచ్చేది. ఈసారి సుగుణ నడుం బిగించింది.

"వాకిట్లోకి వెళ్లిందాంట్లో కావలసిందే లోపలికి రావాలండీ. ఏది కావాలో మీరే తేల్చండి. మీవల్ల కాకపోతే ఆ సామాన్లతో మీరుండండి, నేనూ పిల్లా మా అమ్మ దగ్గరికి పోతాం."

శనివారం సున్నం వేశారు. నేను రోజంతా వాకిట్లో కూర్చుని తేల్చాను. కావలసినవి, ఎప్పుడైనా కావలసి వచ్చేవి, ఎవరికైనా కావలసి వచ్చేవి అని మూడు కుప్పలయ్యాయి. పారేసే కుప్పలో ఒకే ఒక్క చెప్పు పడింది. జత దొరకొచ్చని సాయంత్రానికి దాన్నీ వెనక్కి తీశాను. చివరికి విసుగొచ్చి అన్నీ కలిపి ఒకే కుప్పగా పోసి టార్పాలిన్ కప్పేశాను.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు ఇంటికీ గేటుకీ తాళాలు వేసి ముగ్గురం గుడికి వెళ్లాం. సుగుణ ఆరాధన అయిందాకా ఆడవాళ్ల వైపు నాకు కనబడుతూనే ఉంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుముందు తెలుస్తుంది.

పదకొండున్నరకు తిరిగొచ్చాం. తాళం వేసినట్టే ఉంది. తీసి లోపలికి అడుగుపెట్టాను.

టార్పాలిన్ నాలుగు మడతలుగా మెట్టు మీద ఉంది. కుప్ప లేదు. గుమ్మం పక్కన కొద్దిపాటి సామాను పొందికగా పేర్చి ఉంది. రెండు ట్రంకు పెట్టెలు, కుట్టుమిషను, గ్రేసీ మంచం, వంటగిన్నెలు. ఆ గిన్నెల మీద మూడేళ్లుగా నేను వెతుకుతున్న నా పదో తరగతి సర్టిఫికెట్. మిగతాదంతా గేటు వైపు గోడ వెంబడి మూటలుగా కట్టి వరసగా ఉంది.

రేపల్లె పెట్టెలు విప్పి ఉన్నాయి. ఒకదాని నిండా ఖాళీ సీసాలు. రెండోదాని నిండా మూతలు. ఏ మూతా ఏ సీసాకూ సరిపోయేది కాదు.

మూటలన్నీ అరటినారతో కట్టి ఉన్నాయి. నార ఇంకా తడిగానే ఉంది. పూలకొట్లలో అరటినార దొరుకుతుంది, నేను కాదనను. కానీ ఆ ముడి వేరు. రెండు చుట్లు చుట్టి, కొసను ఎడమవైపు నుంచి లోపలికి దోపాలి. కొస లాగితే మూట మొత్తం విడిపోతుంది. పడవలో తొందరగా విప్పుకోవడానికి అత్త అలా వేసేది. ఆమెది ఎడమచేతి వాటం. లంకలో మిగతావాళ్లంతా కుడివైపు దోపేవాళ్లు.

ముందు సుగుణనే అనుమానించాను. కానీ ఆమె నా కళ్లముందే ఉంది. పైగా ఆమెకు తెలిసిన ముళ్లు మూడే, అవీ పెళ్లిలో నేను వేసినవి.

ఎదురింటి రత్తమ్మగారు పొద్దుటినించి అరుగు మీదే ఉన్నారు. వెళ్లి అడిగాను.

"మీ గేటు ముట్టుకున్నోళ్లు లేరు బాబూ. చిక్కుడుకాయలు వొలుచుకుంటా ఇక్కడే కూర్చున్నా. కాకి వాలినా చెప్తా."

"మరి అదంతా ఎవరు సర్దారండి?"

"నన్నడుగుతావేంటి? నీకే బుద్ధొచ్చి సర్దుకున్నావేమో అనుకున్నా."

మూటల వరసలో అన్నిటికంటే గేటుకు దగ్గరగా ఉన్నది అత్త బొంత. చుట్టచుట్టి, అదే నారతో, అదే ముడితో.

మిగతావన్నీ పోతే పోనీ, ఇది ఎలా ఇస్తాను? వంగి బొంతను రెండు చేతులా ఎత్తి గుండెకు హత్తుకున్నాను. పొరల్లోంచి దుమ్ము గుప్పున లేచింది. ఎండలో పొగలా కనబడింది. మెట్టు మీద కూర్చున్న గ్రేసీ దగ్గింది. మళ్లీ దగ్గింది. గొంతులో ఆ కూత మొదలైంది.

రెండేళ్లుగా పిల్ల ముఖం కింద రోజూ నేను పరిచింది ఏమిటో అప్పుడర్థమైంది. ప్రేమ కూడా ఎండలో దులపకపోతే దుమ్ముపడుతుంది కాబోలు.

బొంతను తీసినచోటే పెట్టాను. కొస నా వేళ్లకు తగిలింది గానీ లాగలేదు. గ్రేసీని సుగుణ వీధిలోకి ఎత్తుకెళ్లింది. కాసేపటికి కూత దానంతటదే సర్దుకుంది.

మర్నాడు అంగలకుదురు నుంచి పాతసామాన్లవాడు తోపుడుబండితో వచ్చాడు. మూడు విడతలు తోలాడు. "ఏంటి సార్, ఊరు ఖాళీ చేస్తన్నారా?" అన్నాడు. "లేదయ్యా, ఇవాళే ఊళ్లోకి వస్తున్నాం" అన్నాను. మూడో విడతలో బొంత వెళ్లింది. ఏడుపొస్తుందేమోనని కాచుకు కూర్చున్నాను. రాలేదు. భుజాలు తేలికపడ్డాయి, అంతే.

ఆ సాయంత్రం సున్నం వాసన వేసే ముందుగదిలో నా మాట నాకే తిరిగి వినబడింది. గ్రేసీ ఈ గోడనుంచి ఆ గోడకు పరిగెత్తి, "నాన్నా, మనింట్లో ఇంత చోటు ఎప్పుడొచ్చింది?" అనడిగింది. నేను ఉతికిన దుప్పటి మంచం మీద పరిచి తప్పించుకున్నాను.

ఆ తర్వాత పిల్లికూతలు ఒక్కొక్కరోజూ తగ్గుతూ వచ్చాయి. పండగ వారంలో అసలు వినబడలేదు. దుమ్ము పోయింది, జబ్బు తగ్గింది. అందులో వింతేమీ లేదని డాక్టరుగారన్నారు, నేనూ ఒప్పుకుంటాను. వింతంతా ఆ మూడు గంటల్లో ఉంది. తాళం తీయకుండా వచ్చి, ఏమీ ఎత్తుకుపోకుండా, ఇల్లు సర్దిపెట్టి పోయే దొంగ ఉంటాడా? నా సర్టిఫికెట్ ఏ పెట్టెలో ఉందో నాకే తెలియనప్పుడు ఇంకెవరికి తెలుసు?

నిజం చెప్పాలంటే ఒక నారపోగు మాత్రం ఎవరికీ చెప్పకుండా చొక్కా జేబులో దాచుకున్నాను. నమ్మనివాళ్లకు చూపిద్దామని.

క్రిస్మస్ ఆరాధన అయ్యాక గ్రేసీ నా చెయ్యి విడిపించుకుని ఇంటివైపు పరుగందుకుంది. పడుతుందేమో, ఆయాసమొస్తుందేమో అని వెనకాలే పరిగెత్తాను. కాలవ వంతెన మీదకు చేరేసరికి రొప్పుతున్నవాణ్ణి నేను. అది అప్పటికే అవతలి ఒడ్డు దాటి, వెనక్కి తిరిగి, "రా నాన్నా, అంత మెల్లిగా ఏంటి?" అని అరుస్తోంది. గొంతు గంటలా ఉంది.

వంతెన పిట్టగోడకు ఆనుకుని జేబులో చెయ్యి పెట్టాను. నారపోగు ఎండి గరుకుగా తగిలింది. తీసి కాలవలో వేశాను. నీళ్లలో ఒకసారి తిరిగి, కొట్టుకుపోయింది.

అందుకే ఇది విన్నవాళ్లు రుజువేదని అడిగితే చెప్పడానికి నాకు ఒకటే మాట ఉంది. నా దగ్గర ఏమీ లేదండి.