నాయన అందించిన మాట

మా అక్క అమృత మత్తిగిరిలో అరవ బడిలో చదివి, మంచి మార్కులతో మెడికల్ కాలేజీకి పోయింది. ఆడ అంతా ఇంగ్లీషే. తలకెక్కలేదు. రెండో ఏడు పరీక్ష రెండుసార్లు తప్పింది. ఇంకోసారి తప్పితే చదువు మానేసి ఇంట్లో కూర్చోవాల్సిందేనని ఆమెకు భయం.

అందుకని ఇంట్లో పుస్తకాలన్నీ ముందేసుకుని అంతా మా ఇంటి మాట తెలుగులో గట్టిగా చెప్పుకునేది. మంచి గుండె ఎట్ల పనిచేస్తుంది, చెడితే ఏమవుతుంది, దానికి మందేమి, ఆ మందుతో ఎంతమంది బతుకుతారు. మా నాయన కోదండరామయ్య వసారాలో రోజాపూలు కట్టలు కడతా వినేవాడు. అక్క యాడన్నా ఆగితే తరువాతి మాట ఆయనే అందించేవాడు.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో నాయన కాళ్ళు ఉబ్బినాయి. పడుకుంటే ఊపిరాడక, గోడకానుకుని కూర్చునే నిద్రపోయేవాడు. కృష్ణగిరి డాక్టరు రాసిచ్చినవి అక్క గుండె పాఠంలో చదివే మాత్రలే. ఇంగ్లీషులోనే చదివి ఏడ్చి ఉంటే ఆయనకు ఏమీ తెలిసేది కాదు కదా అని అక్క మీద నాకు ఒళ్ళు మండేది.

మూడోసారి పరీక్షకు ముందురోజు అక్క గుండె పాఠం చెప్పుకుంటా మాత్రల దాకా వచ్చి, గబుక్కున మూత్రపిండాల పాఠం తీసింది.

“చివరి మాట ఇడిసిపెట్టినావు కదమ్మా” అన్నాడు నాయన.

“అది అడగరు నాయనా.”

“పోయినసారి అడిగినారని నువ్వే ఏడ్చినావు.”

నాయన చేతిలోని పూలకట్ట కింద పెట్టి, “ఐదేండ్లు తిరిగేలోపల సగంమంది” అని అందించి, మిగతాది ఆమె చెప్పేదాకా చూస్తా కూర్చున్నాడు.