వకీలయ్య పక్కన మాయమ్మ ఆకు

తెల్లదొరల పాలన ఇంకా పోని రోజులు. మా రాయచోటిలో ఒక వకీలు ఉండేవాడు. సాయంత్రమైతే చాలు, పుస్తకాల రూములో కూర్చోని ఒకటే మాటలు. అధికారం ఎవరి చేతిలో ఉన్నా దానికి పగ్గం ఉండాల, రేపు మనోడు వచ్చినా సరే అనేవాడు. మతం ఎవరింటి దీపం వాళ్ళది, సర్కారుకు ఆడ పనిలేదనేవాడు. కులాలు మాత్రం ఒకే వరుసలో కూర్చోని తింటేనే పోతాయంట. స్వరాజ్యం కోసం జైలుకు పోయే కుర్రోళ్ళు ఆయన్ను ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన వాకిలి ఊడ్చే నాకైతే ఆ మాటలు వింటే ఒళ్ళు పులకరించేది.

అట్లాంటాయన ఒకరోజు ఊరి బయట మా పాళెంకే వచ్చేసినాడు! మేము చర్చికి పోయే కూలోళ్ళం. మా గడపలో నిలబడి, "అమ్మా, ఆదివారం మా ఇంట్లో అన్ని కులాలకూ భోజనం. వంట నువ్వే చేయాల" అన్నాడు.

నన్ను కన్న మాయమ్మ తక్కువది కాదు. "చేస్తా అయ్యా. నేను గూడా ఆ వరుసలోనే కూర్చుంటా" అనింది. ఆయన సరేనన్నాడు. పాళెంలో మాత్రం, "వండించుకోని నిన్ను బయటే నిలబెడతారు సూడు" అన్నారు. ఆ మాట మాయమ్మను శానా గుచ్చింది.

ఆదివారం ప్రార్థన అయినాక రాగిసంగటి, శెనక్కాయలు నూరిన ఊరిబిండి చేసింది. నేను వడ్డించినా. చూస్తే అందరికీ ఆకులున్నాయి, మాయమ్మకు లేదు. మరిచిపోయినారంట! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆడ వకీలు నిలబడి సమానత్వం గురించి చెప్తానే ఉండాడు. ఒక్కరూ సంగటి ముట్టరు. ఎవరు ముందు తింటారోనని ఒకరి మొగం ఒకరు చూసుకుంటాండారు.

మాయమ్మ చెయ్యి తుడుచుకోని, ఒక ఆకు తెచ్చి ఆయన ఆకు పక్కనే పరుచుకోని కూర్చునింది. "మీరు చెప్తాండండి అయ్యా, నాకు ఆకలైతాండాది" అని ముద్ద తుంచింది. ఎదురుగా ఉన్న తోళ్ళ వ్యాపారం సాయిబు నవ్వి, బిస్మిల్లా అని మొదలుపెట్టినాడు. ఇంక చూడాల, వరుసంతా తినబట్టె! నా సంతోషం ఏమని చెప్పేది!

వకీలు మాట ఆపి కూర్చోని, ఊరిబిండి కారానికి కండ్లనీళ్ళు పెట్టుకుంటానే ముద్దంతా తిన్నాడు. "ఇంకో ముద్ద పెట్టమ్మా" అని మాయమ్మను అడిగినాడు.

నేను కుండకాడికి పోబోతే మాయమ్మ నా కొంగు పట్టి ఆపింది. "నేను తింటాండా గదయ్యా. కుండ ఆడుండాది. నాకూ ఒకటి తీసకరాండి."

అందరి చేతులూ ఆగిపోయినాయి. వకీలు లేచినాడు. చెయ్యి కడుక్కోని పోయి రెండు ముద్దలు తెచ్చినాడు. మొదటిది మాయమ్మ ఆకులో పెట్టినాడు.