పల్సానా కుంటలో నేను పీకించిన తెల్ల పువ్వు

“మీరు రాసింది చదివి పల్సానా కుంటకు వెళ్లాం. పువ్వు కాదు కదా, ఆకు కూడా లేదు” అని పోయిన వారం నా బ్లాగు పాఠకురాలు ఒకరు రాశారు. నమ్మబుద్ధి కాలేదు. నిరుడు వానాకాలం చివర్లో ఆ కుంట నిండా పువ్వులే. మొన్న ఆదివారం పొద్దున్నే ఏడింటికి ఉధనాలో షేర్ ఆటో ఎక్కాను. మనిషికి యాభై రూపాయలు, గంటలోపే పల్సానా. స్టాపు దగ్గర మల్లేశం నిలబడి ఉన్నాడు. సిరిసిల్ల వైపు మనిషి, పని కోసం ఇక్కడికి వలస వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. సెలవు దొరికితే ఆ కుంట గట్టున కూర్చోవడమే అతని షికారు. నిరుడు నాకు దాన్ని చూపించింది అతనే.

కుంటకు అరగంట నడక. దారంతా నా తెలివితేటలే గుర్తొచ్చాయి. ఆ మొక్క ఆకు అరచేతంత, అచ్చం కలువ ఆకే. పువ్వు రూపాయి బిళ్లకన్నా చిన్నది, తెల్లన, నడుమ పసుపు, రేకుల మీద సన్నటి నూగు. మల్లేశం సిన్నకలువ అంటాడు, మొక్కల గురించి తెలిసిన మిత్రుడొకడు దాని శాస్త్రీయ నామం నింఫాయిడిస్ అన్నాడు. కలువకు పువ్వు కాడ అడుగున దుంప నుంచి విడిగా వస్తుంది. దీనికి ఆకు కిందే, ఆకు కాడ మీదే పువ్వులు పుడతాయి. నిరుడు ఒకటి పైకి లాగి ఆ తేడా కనిపెట్టాను. అక్కడితో ఊరుకోక, అనుమానముంటే మీరూ ఒకటి లాగి చూడండని దారితో సహా ఈ బ్లాగులో రాశాను.

కుంటలో సగం గుర్రపుడెక్క, సగం ఉత్త నీళ్లు.

“ఏమైంది మల్లేశమన్నా?”

“ఏమైతది సారూ. నువ్వు రాసింది సద్వి మస్తుమంది వచ్చిండ్రు. ఒక్కొక్కలు ఒక్కొక్కటి గుంజి సూశిండ్రు. సూశి గట్టు మీద పారేశిండ్రు.”

“వద్దని చెప్పలేదా?”

“చెప్పిన. సారే గుంజమన్నడని ఫోన్ల సూపెట్టిండ్రు. ఇగ నేనేమంట?”

అతని మొహం చూడలేకపోయాను. తప్పు నాదేనన్నాను. అతను అవతలి మూలకు చెయ్యి చూపించాడు. అక్కడ ఒకే ఒక్క ఆకు తేలుతోంది.

“అదేనా? కలువేమో” అంటూ నీళ్లలోకి దిగబోయాను.

“పూసినప్పుడు తెలుస్తది తియ్యి సారూ” అన్నాడు.

ఇంటికొచ్చి పాత పోస్టు తీసేశాను. కానీ దాన్ని అప్పటికే ఎందరో పంచుకున్నారు, అది నా చేతుల్లో లేదు. తేడా కనిపెట్టానన్న సంబరంలో మల్లేశం కూర్చునే చోటును పాడు చేశాను. మీరు ఎక్కడైనా ఇలాంటి కుంటకు వెళ్తే పొద్దున పదిలోపు వెళ్లండి, పువ్వు విచ్చుకుని ఉంటుంది. గట్టు మీద నుంచే చూడండి, రేకుల నూగు కనిపిస్తే అదే. పువ్వు లేకపోతే పేరు తెలియకుండానే ఇంటికి రండి. ఆ మూలనున్న ఆకు దేనిదో నాకింకా తెలియదు.